లేని వేళ్ళ ముద్రలు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళకి సాధారణంగా తల నెరిసి ఉంటుంది, పింఛను వస్తూ ఉంటుంది, మోకాళ్ళు నొప్పెడుతూ ఉంటాయి. నాకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఇరవై నాలుగో ఏట సర్కారు కొలువు నుంచి విరమించాను. విరమించాను అన్నది నా మాట. వాళ్ళిచ్చిన కాగితంలో వేరే మాట ఉంది. హైస్కూలు దాటి నౌకరీలకి దరఖాస్తులు పెట్టుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నా అనుభవం పనికొస్తుందని చెప్పను. నాలుగేళ్ళ సర్వీసులో చెప్పుకోదగ్గ రోజు నాకు ఒక్కటే ఉంది. అది ఆదివారం. కచేరీకి సెలవు.

అనకాపల్లిలో ఒక కచేరీ. ఏ కచేరీయో చెప్పను, పరువు వాళ్ళది. నా పని వేలిముద్రలు తీయించడం. సంతకం రానివాళ్ళు కాగితం మీద ఎడమ బొటనవేలు వెయ్యాలి. ఇనుప పలక మీద రోలరుతో సిరా పలచగా పూసి, మనిషి వేలిని గుడ్డతో తుడిచి, గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్కసారి దొర్లించాలి. నొక్కకూడదు. నొక్కితే ముద్ర నేరేడుపండు అవుతుంది. దొర్లించగానే పక్కన రబ్బరు స్టాంపు గుద్దాలి. "ఎడమ బొటనవేలి ముద్ర" అని ఉంటుంది అందులో.

మా హెడ్ గుమాస్తా ముప్పై ఏళ్ళుగా ఇదే పని చూసినవాడు. చేరిన రోజే నాకు ఉపదేశించాడు. "మనిషి మొహం చూడకు. చూస్తే జాలో భయమో వేస్తుంది, చెయ్యి వణుకుతుంది. వేలు చూడు, చాలు." నేను మరో మెట్టు ఎక్కి వేలు చూడటం కూడా మానేశాను. ఏడాది తిరిగేసరికి కుడిచేత్తో వేలు దొర్లిస్తూ, ఎడమచేత్తో స్టాంపు గుద్దుతూ, నోటితో హాస్యమాడగలిగే స్థితికి వచ్చాను. దీన్నే అనుభవం అంటారు.

స్వరాజ్యం వచ్చాక అది మొదటి చెరుకు సీజను. ఊళ్ళో ప్రతి కుర్రాడికీ ప్రభుత్వంతో ఏదో ఒకటి చెప్పాలని ఉండేది. మేం ఏడెనిమిది మందిమి బెల్లం మార్కెట్టు పక్క సందులో ఒక గోదాము అరుగు మీద సాయంత్రాలు చేరేవాళ్ళం. యువజన సంఘం అని పేరు పెట్టుకున్నాం. సంఘానికి బల్ల లేదు, కుర్చీ లేదు, కార్యదర్శి మాత్రం ఉన్నాడు. బి.ఏ. తప్పినవాడు. ఎదురుగా ఇద్దరుంటే సభ అనుకుని మాట్లాడేవాడు. మద్రాసు శాసనసభలో బడ్జెట్ తేలకముందే యువకుల కోర్కెలు అక్కడికి చేరాలని అతని పట్టు. పట్టుదలగా ముప్పై రెండు కోర్కెలు రాశాడు. ఊరూరా రేడియో, ఊరూరా ఆటస్థలం, పాయకరావుపేట దాకా రోడ్డుకి రెండు వైపులా చెట్లు, ఇలా.

సంఘంలో ఉన్న ఒకే ఒక ఆడమనిషి మిషన్ ఆసుపత్రి నర్సు. మా ఈడుదే. ఎప్పుడూ కూర్చునేది కాదు, నిలబడే వినేది. ముప్పై రెండూ చదవడం అయ్యాక అడిగింది.

"రేడియో ఎన్నోదండీ?"

"ఏడోది," అన్నాడు కార్యదర్శి గర్వంగా.

"ముప్పై రెండు అడిగితే వాళ్ళకి ఏది సులువో అదిస్తారు. రేడియో వస్తుంది. నా దగ్గరికి వచ్చే చేతులు వస్తూనే ఉంటాయి. రెండే అడగండి."

చేతులంటే చెరుకు గానుగలో నలిగిన చేతులు. మా వైపు ఎద్దుల గానుగలు పోయి ఇంజను గానుగలు వస్తున్న కాలం అది. ఎద్దుల గానుగలో చెయ్యి చిక్కితే అరుపుకి ఎద్దులు బెదిరి ఆగేవి. ఇంజను బెదరదు. చెరుకు మొదలు ఎడమచేత్తో పట్టి, వెనక నుంచి కుడిచేత్తో తోస్తారు గనక పోయేది ఎప్పుడూ ఎడమచెయ్యే. ఊళ్ళో కోసి కుట్టగలిగే సర్జను లేడు. విశాఖపట్నం మోసుకెళ్ళేసరికి వేళ్ళతో పోవలసింది మోచేతికి వచ్చేది.

అలా ముప్పై రెండు కోర్కెలు రెండయ్యాయి. ఒకటి చట్టం. ప్రతి ఇంజను గానుగ నోటికీ మూరెడు పొడవు చెక్క తొట్టి ఉండాలి, చెయ్యి ఇనుము దాకా వెళ్ళకుండా. రెండోది బడ్జెట్‌లో మా ఊరికి ఒక సర్జను. తక్కిన ముప్పైకీ కార్యదర్శి రెండు రోజులు సంతాపం పాటించాడు.

మరునాడే బుచ్చయ్యపేట వైపు నుంచి ఒక కుర్రవాడు అరుగు దగ్గరికి వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి. ఎడమచెయ్యి ముంజేతి మధ్యలో ఆగిపోయింది. కిందటి సీజనులో పోయిందట. ఎక్కడ పోయిందో నన్నెవరూ అడగలేదు, నాకు తెలుసు. మా మేనమామ గానుగలో.

"ఇప్పుడా పీట మీద మా ఆడది కూకుంటంది బాబూ," అన్నాడు. "సట్టం ఎప్పుడొత్తాది?"

"బడ్జెట్ సమావేశాల్లో అడిగిస్తాం," అన్నాడు కార్యదర్శి.

"సీజను అయిపోకముందేనా, అయిపోయినాకా?"

కార్యదర్శి చేతిలోని కోర్కెల కాగితం మడిచాడు. కుర్రవాడు మమ్మల్ని ఇంకేమీ అడగలేదు. ఊళ్ళు తిరిగి తనలాంటివాళ్ళని మరో పదిమందిని పోగేసుకుని ఆదివారం నాటికి ఆసుపత్రి వరండాకి తీసుకొచ్చాడు. ఒక్కడికీ సంతకం రాదు. అర్జీ చెల్లాలంటే వేలిముద్రలుండాలి, వేయించినవాడు కింద సంతకం పెట్టాలి. ఊళ్ళో ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు. కచేరీ పలక, రోలరు, స్టాంపు గుడ్డసంచిలో వేసుకుని వెళ్ళాను. సర్కారు సామాను బయటికి తేకూడదని నాకు తెలుసు. ఆదివారం నాడు ఆ నియమానికి కూడా సెలవనుకున్నాను.

కార్యదర్శి అర్జీ పైకి చదువుతున్నాడు. "ఎడమ చేతులు కోల్పోయిన మేము" అని మొదలు. నేను వేళ్ళు దొర్లిస్తున్నాను, కుడివి, ఉన్నవి అవే గనక. వాళ్ళందరూ కోర్టుకి వచ్చినట్టు బిగదీసుకుని ఉన్నారు. నవ్విద్దామని ఏదో అంటే ఎవరూ నవ్వలేదు. వాళ్ళలో కాస్త పెద్దవాడు సిరా పూసిన వేలు పైకెత్తి చూసుకుని అడిగాడు.

"బాబూ, రేపు నాను దొంగతనం సేసేననుకో. ఎడం సేతి గురుతు నేదు గదా, ఎలా అట్టుకుంటారు?"

"పరిగెత్తి పట్టుకుంటాం."

"అయితే కాళ్ళు గానుగలో ఎట్టకుండా సూసుకోవాల."

వరండా అంతా ఘొల్లుమంది. నర్సమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుల్లో నా కుడిచెయ్యి వేళ్ళు దొర్లిస్తూ పోయింది, ఎడమచెయ్యి తన పని తాను చేస్తూ పోయింది. చివర "నా ఎదుట వేసినవి" అని రాసి సంతకం పెట్టాను. అలవాటు చొప్పున కింద నా హోదా కూడా రాశాను. అర్జీని మా ప్రాంతపు శాసనసభ సభ్యుడికి పంపాం.

మూడు వారాల తర్వాత మా మేనమామ కబురంపాడు. వెళ్ళేసరికి పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో మా అర్జీ. గానుగల ఆసాములకి ఆయన పెద్ద. సభ్యుడు జాగ్రత్తపరుడు గనక అర్జీ సభలో పెట్టేముందు వాళ్ళ మాట కూడా విందామని ఆయనకే పంపాడట.

"ఏరా అల్లుడూ. నీ సంతకమేనా ఇది?"

"నాదే మావయ్యా."

"పదకొండుమందికీ ఎడం సెయ్యి పోయిందని పైన రాసేరు. కింద పదకొండు ఎడం బొటనేళ్ళు ఏయించేవు. పోయినియ్యి మళ్ళీ మొలిసేయేటి? ఆ మందేటో సెప్పరా, నా మోకాలికి రాసుకుంటాను."

నవ్వాను. బాగుంది మరి. తర్వాత కాగితం చూశాను. పదకొండు నల్లటి ముద్రలు, ఒక్కటి చెదరలేదు, నా జీవితంలో ఇంత చక్కగా ఎప్పుడూ వెయ్యలేదు. ప్రతిదాని పక్కనా, గీత గీసినట్టు వరసగా, ఎడమ బొటనవేలి ముద్ర, ఎడమ బొటనవేలి ముద్ర, ఎడమ బొటనవేలి ముద్ర.

"అర్జీయే దొంగదని సభ్యుడికి జవాబు రాసేసేను," అన్నాడు మావయ్య. "వచ్చే ఆదివారం సర్కారు బంగళాకి వత్తన్నాడు. నాలుగింటి మెయిల్లో మద్రాసు ఎల్లిపోతాడు. ఆ లోపల తేలాల. నీ మంచికే సెప్తన్నాను, నువ్వు రాకు."

మర్నాడు కచేరీలో హెడ్ గుమాస్తాని పక్కకి పిలిచి అడిగాను, కుడి వేళ్ళకి వేరే స్టాంపు ఉందా అని.

"లేదు. ముప్పై ఏళ్ళలో ఎవడూ అడగలేదు."

సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "ముద్ర చూసి కుడిదో ఎడమదో మద్రాసులో చెప్పగలరు. చెప్పేశాక స్టాంపు బయటికెలా వచ్చిందని అడుగుతారు. ఇప్పుడే చెప్పు, స్టాంపు ఎవడో ఎత్తుకుపోయాడని. నేను సాక్ష్యం చెప్తాను." అబద్ధం చెప్తానని ఆయన నోట రావడం అదే మొదలు, నా కోసం.

దారి ఒకటే కనిపించింది. పదకొండుమందినీ ఆదివారం బంగళాకి తెచ్చి ఆయన ఎదుట మళ్ళీ ముద్రలు వేయించడం. కుర్రవాడు వారమంతా తిరిగాడు. సీజను నడుమ ఏ ఆసామీ మనిషిని వదల్లేదు. ఒక చెయ్యి లేకపోయినా చెరుకు పిప్పి మోస్తారు, బెల్లం పెనం కింద మంట వేస్తారు. ఆదివారం పన్నెండింటికి బంగళా మెట్ల దగ్గర అతనితో కలిపి ముగ్గురున్నారు.

సభ్యుడు వకీలు. మంచివాడే. పెట్టె సర్ది గుమ్మం పక్కన పెట్టి ఉంది. ఒక పక్క మావయ్య, ఇంకో పక్క మేం. ఆయన ముగ్గురి చేతులూ చూశాడు. చాలాసేపు చూశాడు. మావయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

"నాకు అనుమానం లేదు," అన్నాడు సభ్యుడు. "కాని సభలో ఎవరైనా లేచి, ఈ ముద్రల సంగతేమిటని అడిగితే? ముగ్గురిని చూశానంటాను. తక్కిన ఎనిమిదిమంది? ఒక్క అబద్ధం కనిపిస్తే అర్జీ మొత్తం అబద్ధం. దీన్నిలా నేను పెట్టలేను."

"మార్గం లేదాండీ?" అంది నర్సమ్మ.

"వేయించినవాడు రాసివ్వాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి స్టాంపుతో, పొరపాటు ఎలా జరిగింది, అన్నీ. దాన్ని అర్జీకి జత చేస్తాను." నా వైపు తిరిగాడు. "రాయమని నేననను. అది మీ పైవాళ్ళు కూడా చదువుతారు. కచేరీ స్టాంపు, కచేరీ నౌకరు, ప్రభుత్వం మీద అర్జీ. ఏమవుతుందో నీకూ తెలుసు."

గోడగడియారం రెండూ పది చూపిస్తోంది. కార్యదర్శి లేచి గొంతు సవరించుకుని "చరిత్ర..." అన్నాడు. నర్సమ్మ అతని వైపు చూసింది. కూర్చున్నాడు. చరిత్రకి ఆ రోజు అంతకుమించి మాట్లాడే అవకాశం రాలేదు.

నాకు అమ్మ ఉంది, పెళ్ళి కావలసిన చెల్లెలు ఉంది. ఆ వరసలో ఆలోచిస్తున్నాను. ధైర్యసాహసాల వరస కాదది. మావయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు గాని అందరికీ వినపడింది.

"రాయకురా. మీ అమ్మకి నేనేటి సెప్పాల? ఇనుకో. రేపు పొద్దున్నే వడ్రంగిని పిలిసి నా గానుగకి మూరెడు సెక్క ఏయిత్తాను. దేవుడి మీద ఒట్టు. ఆ పిల్లకి ఏ భయం ఉండదు. అర్జీ ఎనక్కి తీసుకోండి. అందరికీ మంచిదే గదా."

మావయ్య మాట తప్పే మనిషి కాడు. అదే చిక్కు. మాట తప్పేవాడైతే తిట్టి రాసేసేవాణ్ణి. ఆ రోజు గదిలో ఎవరికీ ఆయన మీద కోపం రాలేదు. నేను కుర్రవాడి వైపు చూశాను. పెళ్ళాం అతనిది. చక్రాలు తిరిగే చోట ఆ నిమిషానికి కూడా ఆమె కూర్చునే ఉంది, ఆదివారమని గానుగ ఆగదు.

"నువ్వు చెప్పు," అన్నాను. "మావయ్య చెక్క వేయిస్తానంటున్నాడు. నువ్వు సరేనంటే నేను కలం ముట్టుకోను." నిజం చెప్పాలంటే సరేనంటాడని ఆశపడ్డాను.

అతను మావయ్యతో మాట్లాడటానికి లేచి నిలబడ్డాడు.

"మీరు ఏత్తారు బాబూ. మీ మాట మీద నాకు నమ్మకమే. మీ సెరుకు ఇంకో ఇరవై రోజులుంటాది. ఆ తరవాత మా ఆడది పక్కూరి గానుగకెల్తాది."

"ఎల్తే?"

"మీ సెక్క ఇప్పి అట్టుకెల్లనిత్తారా?"

మావయ్యకి ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉంటుంది. బెల్లం మార్కెట్టులో ఆయన నోటికి దళారులు దూరంగా నిలబడతారు. ఆ రోజు ఆయన భుజం మీద కండువా తీసి, దులిపి, మళ్ళీ వేసుకున్నాడు.

కాగితం తీసుకున్నాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని కచేరీలో పేరు. ఆ రోజు ఉడత నడిచినట్టుంది. కిటికీలోంచి గాలి వచ్చి కాగితం లేస్తూంటే కుర్రవాడు తన మొండిచెయ్యి తెచ్చి దాని అంచు మీద పెట్టాడు. అది ఆ కాగితం మీద ఉన్నంతసేపూ నాకు మధ్యలో ఆపే వీలు లేకపోయింది. ఆదివారం సామాను తెచ్చింది నేనని, స్టాంపు సర్కారుదని, వేళ్ళు కుడివని, ఎడమవని గుద్దింది నా చెయ్యేనని, అప్పుడు అందరం నవ్వుతున్నామని రాశాను. నవ్వుతున్నామన్నది కొట్టెయ్యమన్నాడు సభ్యుడు. కొట్టేశాను. మూడుంపావుకి సంతకం పెట్టాను. ఈసారి హోదా రాయడం మర్చిపోయాను. "అది కూడా రాయాలి బాబూ," అన్నాడు ఆయన నెమ్మదిగా. రాశాను. ఆఖరిసారి రాసింది అదే.

జట్కా వచ్చింది. పెట్టె ఎక్కించారు. సభ్యుడు అర్జీ మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు, పెట్టెలో వెయ్యలేదు. స్టేషను వైపు జట్కా మలుపు తిరిగేదాకా మెట్ల మీదే నిలబడ్డాం. మావయ్య వెళ్తూ వెళ్తూ నాతో అన్నాడు, "సాయంత్రం బోయినానికి రా. మీ అమ్మకి నువ్వే సెప్పు, నాకు ధైర్యం సాలదు."

అర్జీ సభలోకి వెళ్ళింది. సర్జను పోస్టు ఆ ఏటి బడ్జెట్‌లో ఒక పద్దు అయి కూర్చుంది. చట్టం సంగతి పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. నా సంగతి మాత్రం ఎవరూ పరిశీలనలో ఉంచలేదు, నెల తిరక్కుండా తేల్చేశారు. కాగితం తెచ్చి ఇచ్చింది హెడ్ గుమాస్తాయే. "స్టాంపు గుద్దేముందు ఏ చెయ్యో చూడాలని నీకు నేను చెప్పలేదు," అన్నాడు. "నాకూ ఎవరూ చెప్పలేదు." పలక మీద సిరా ఆయనే తుడిచాడు.

మావయ్య ఆ సోమవారమే గానుగకి చెక్క తొట్టి వేయించాడు. ఎందుకూ అంటే పిప్పి ఎగిరి కళ్ళలో పడుతోందన్నాడు. ఇరవై రోజుల తర్వాత ఆయన చెరుకు అయిపోయింది. కుర్రవాడి పెళ్ళాం పక్కూరి గానుగకి వెళ్ళింది. అక్కడ పిప్పి ఎవరి కళ్ళలోనూ పడటం లేదు. చెక్క లేదు.

ఆమె అక్కడ పనిచేసిన నెల రోజులూ నేను తాలూకా కచేరీ ఎదుట తాటాకు పందిరి కింద కూర్చుని జనానికి అర్జీలు రాసిపెడుతూ గడిపాను. ఇప్పటికీ నా పని అదే. ఆ పక్కూరి వైపు నుంచి బండి వస్తే తల ఎత్తకుండా ఉండటానికి ప్రయత్నించేవాణ్ణి. నర్సమ్మ దారిలో కనిపిస్తే ముందు ఆమె మొహం చూసేవాణ్ణి, తర్వాతే నమస్కారం. ఆ నెలలో ఆమె దగ్గరికి రెండు చేతులు వచ్చాయి, గొలుగొండ వైపువి. రెండుసార్లూ నేను అడక్కముందే ఆమె తల అడ్డంగా ఊపింది, ఆ పిల్ల కాదని.

ఎండలు ముదిరాక ఒకరోజు కుర్రవాడు పెళ్ళాంతో పందిరి దగ్గరికి వచ్చాడు. ఆమెని అంతకుముందు నేను చూడలేదు. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. సీజను అయిపోయిందని అతను చెప్పాడు. ఆ పిల్ల బడిలో గోళ్ళు చూపించే పిల్లల్లా రెండు చేతులూ ముందుకు చాపింది. ఓసారి బోర్లా, ఓసారి వెల్లకిలా. చెరుకు రసం మరకలతో అరచేతులు నల్లగా ఉన్నాయి.

"సూసుకోండి బాబూ," అంది. "ఈయన రోజూ సాయంత్రం నా సేతి ఏళ్ళు లెక్కెడతాడు. ఇంటికెల్లగానే, మంచినీళ్ళు కూడా తాగనీడు."

కుర్రవాడు రోడ్డు వైపు తిరిగాడు.

"మళ్ళీ సంక్రాంతి ఎనకాల గానుగలు మొదలవుతాయి," అంది ఆమె. "ఈయనికి లెక్కెట్టే పని నేకుండా మద్రాసోళ్ళు ఎప్పుడు సేత్తారంట?"

కట్టలోంచి ఒక తెల్లకాగితం తీసి, అర్జీకి మార్జిను మడిచి, వాళ్ళిద్దరినీ కూర్చోమన్నాను.